రెండున్నర జానల భుజం

వడమాలపేట దాటి రెండు మైళ్లు పోయాక, ఎదురుగా మిట్ట కనబడగానే, బొగ్గు బస్సు మూడుసార్లు దగ్గి నడిరోడ్డు మీద నిలబడిపోయింది.

“దిగండప్పా, దిగండి! ఆడోళ్లు గూడా దిగాల. మూటలు గూడా దిగాల. దీనికి ఆయాసం పట్టినాది,” అని డ్రైవరు మునస్వామి వెనక్కి తిరక్కుండానే కేకేశాడు.

పంతొమ్మిది వందల నలభై ఆరు, వైశాఖమాసం. యుద్ధం ముగిసి తొమ్మిది నెలలైనా పెట్రోలు మాత్రం ఇంకా దొరల చేతుల్లోనే ఉండిపోయింది. బస్సు వెనకాల నిలువెత్తు ఇనుప డ్రమ్ము కట్టి, అందులో బొగ్గులు మండించి, ఆ పొగతో ఇంజన్ను నడిపే కాలం. చదును నేల మీద ఫరవాలేదు గానీ మిట్ట వస్తే ఆ పొగకు సత్తువ చాలదు. ఆ రోజుల్లో చిత్తూరు జిల్లాలో ప్రయాణాలు చేసినవాళ్లకు ప్రతి మిట్టా పేరుపేరునా తెలుసు; బస్సుకు టిక్కెట్టు కొని, మిట్టలన్నీ కాలినడకన ఎక్కినవాళ్లు మరి. పెళ్లిచూపులకు పోతూ దారిలో బస్సు తోసి, మసి పూసుకున్న ముఖంతోనే పిల్లను చూసొచ్చిన మొగపిల్లలు కూడా ఉన్నారు. ఆ పిల్లలు ఒప్పుకున్నారు కూడా. అదట్లా ఉంచుదాం.

దిగినవాళ్లలో వెంకటముని ఒకడు. యాభై రెండేళ్ల మనిషి. మెడ పొట్టి, ఛాతీ వెడల్పు. తిరుపతిలో పదిహేనేళ్లు కసరత్తు శాల నడిపిన వస్తాదు. ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో గుడ్డ చుట్టిన వెదురు కర్ర. నగరిలో నేతపని చేసే కుర్రవాళ్లు చందాలు వేసుకుని కసరత్తు శాల పెట్టుకుంటే, నేర్పడానికి పిలిపించుకున్నారు. తిరుపతిలో ఆయన శాల మూతపడి రెండేళ్లయింది. ఈ పిలుపు ఆయనకు కాళ్ల కింద మళ్లీ నేల దొరికినంత పని.

దిగి, నడుము నిమురుకుంటూ బస్సు వెనక్కి వచ్చాడు. అక్కడ క్లీనరు డ్రమ్ము ముందు గొంతుకూర్చుని, నిప్పు రాజుకోవడానికి గాలి చక్రం తిప్పుతున్నాడు. ఆ చక్రం తిప్పడం మామూలు పని కాదు. రెండు చేతులూ మార్చి మార్చి తిప్పినా చెమట కారుతుంది. ఇతను ఎడమచేత్తోనే తిప్పుతున్నాడు. కుడిచేతి బొటనవేలు మొలతాడులో దోపుకుని ఉంది, ఆ చెయ్యి ఎటూ పోకుండా కట్టేసుకున్నట్టు.

వెంకటముని అడుగు ఆగిపోయింది.

వస్తాదు మనిషి ముఖమైనా మరిచిపోతాడేమో గానీ, వీపును మరిచిపోడు. ముందుకు వంగినప్పుడు ఆ రెండు రెక్కల ఎముకలు విడివిడిగా లేచి నిలబడే తీరు లోకంలో ఒక్కడికే ఉంది. నాలుగేళ్లు ఆ వీపు మీద మోకాలు పెట్టి, ఆముదం రాసి, చేతులు వెనక్కి లాగినవాడు ఆయనే.

మునిరత్నం.

ఆయన చేసిన మొదటి పని, తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా తల వంచుకునేదే: చప్పుడు చెయ్యకుండా బస్సుకు అవతలి పక్కకు తప్పుకున్నాడు. అక్కడ నాగులమ్మ అనే ముసలామె, పుత్తూరులో కూతురి పురిటికి పోతున్న మనిషి, చెనిక్కాయల నూనె డబ్బా బస్సు పైన ఉందని, దాన్ని జాగ్రత్తగా దించమని కండక్టరుతో గొడవ పడుతోంది. ఆమె వెనకాల నిలబడి, దూరాన రైలు పట్టాల మీద ఏదో ఉన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

“బాగుండారా, వస్తాదు గారూ?”

వెనక నుంచే వచ్చింది గొంతు. గాలి చక్రం ఆగలేదు. బస్సు కిందినుంచి కాళ్లు కనిపించాయేమో. పిల్లవాడుగా ఉన్నప్పటి నుంచీ కాళ్లను బట్టి మనుషుల్ని గుర్తుపట్టేవాడు. డోలీ మోసేవాళ్ల పిల్లలకు అది పుట్టుకతో వచ్చే విద్య.

ఇక తప్పదు. వెంకటముని తిరిగి వచ్చాడు.

“బాగుండాను. నువ్వు ఈడ...”

“రెండేండ్లాయ. యాడికి పయానం?”

“నగరికి. కసరత్తు చెప్పమన్నారు.”

“ఓ!” అన్నాడు మునిరత్నం. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది వెంకటమునికి.

మునిరత్నం కథ అలిపిరిలో మొదలవుతుంది. కొండ కింద, మెట్లకు ఎడమవైపు, డోలీలవాళ్ల గుడిసెల్లో చెంగయ్యకూ తిరుమలమ్మకూ పుట్టాడు. నడవలేని ముసలివాళ్లనూ, లావుపాటి ఆసామీలనూ కుర్చీలో కూర్చోబెట్టి, బొంగు భుజాన వేసుకుని, మెట్ల మీదుగా తిరుమలకు మోసేవాళ్లు డోలీ కూలీలు. చెంగయ్య భుజం మీద కోడిగుడ్డంత కాయ ఉండేది. మంచం మీద ఆ పక్కకు తిరిగి పడుకుంటే కాయ ఒత్తుకుంటుందని ముప్పై ఏళ్లు ఒకే పక్కకు పడుకున్న మనిషి. మునిరత్నం పద్నాలుగో ఏట ముందు బొంగు ఎత్తుకున్నాడు.

ఇక వెంకటముని సంగతి. ఆయన పడుచుతనంలో ఒక చిన్న సర్కస్ కంపెనీలో రింగుల మీద ఆడేవాడు. పైనుంచి వేలాడే రెండు తాళ్లకు రెండు ఇనుప వలయాలు. వాటిని పట్టుకుని ఊగుతూ, తలకిందులై, చేతులు వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చేట్టు పల్టీ కొట్టాలి. రంగూను చూశాడు, కొలంబో చూశాడు. ముప్పై నాలుగో ఏట భుజాలు బిగుసుకున్నాయి. పల్టీలో చెయ్యి చుట్టూ తిరగక మధ్యలో ఆగింది. కంపెనీవాళ్లు మర్యాదగానే, ఒక శాలువా కప్పి, పంపించేశారు. ఆ నాటినుంచి ఆయనకు లోకంలో ఒకటే జబ్బు కనిపించేది: బిగుసుకుపోయిన భుజం. ఒకటే వరం: వదులైన భుజం. ఏ బాధతో మనిషి వీధిన పడతాడో, ఆ బాధకు మందే అందరికీ పోస్తాడు. పక్కవాడికి ఆ జబ్బే లేదని తట్టదు.

ఆయన చేతిలోని వెదురు కర్ర అందుకు సాక్షి. కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, మోచేతులు వంచకుండా, ముందునుంచి తల మీదుగా వీపు వెనక్కి దాటించాలి. చేతులు ఎంత దగ్గరగా పెట్టి దాటించగలిగితే భుజం అంత వదులు. కొత్తవాళ్లకు అయిదు జానల ఎడం కావాలి. రెండేళ్లు కష్టపడితే నాలుగు. ఒక్కొక్క శిష్యుడు దాటించిన చోట కాల్చిన చువ్వతో కర్ర మీద గంటు పెట్టేవాడు.

ముప్పై ఎనిమిదిలో ఒకనాడు ఆయన కొండెక్కుతూ గాలిగోపురం దగ్గర ఆగాడు. డోలీ దించి అలుపు తీర్చుకుంటున్న కూలీల మధ్య ఒక కుర్రాడు తోటివాళ్లను నవ్విస్తున్నాడు. చేతులు వీపు వెనక్కి పెట్టి, అరచేతులు జోడించి, ఆ నమస్కారాన్ని వెనకనుంచే మెడదాకా తెచ్చి, “స్వామీ, ఎనకాల ఉండే దేవుళ్లకు గూడా దండం పెట్టినా!” అంటున్నాడు. వెంకటముని ఆ రోజు కొండెక్కలేదు. కుర్రాడి వెంటే దిగొచ్చాడు.

శాలకు తీసుకొచ్చి కర్ర ఇచ్చి చూస్తే, రెండున్నర జానలు. మోచెయ్యి వంగలేదు, ముఖం ముడుచుకోలేదు. శాలలో ఉన్న ఇరవైమందీ నోరు తెరిచారు. కర్ర మీద అంత లోపల గంటు పెట్టాల్సి వస్తుందని వెంకటముని ఏనాడూ అనుకోలేదు.

మరి ఆ బిడ్డకు కావలసింది ఏమిటి? వదులు వాడికి పుట్టుకతోనే ఉంది. కావలసింది బిగువు: దండాలు, సంగిడీలు, బరువులు. కానీ వెంకటముని సరిగ్గా అవే మాన్పించాడు. “బరువులెత్తితే నీ భుజం డోలీవాళ్ల భుజమయిపోతాది,” అన్నాడు. డోలీ కూడా మాన్పించాడు. పొద్దున్నే ఆముదం, వీపు మీద మోకాలు, చేతులు వెనక్కి లాగుడు. ఉన్న వదులుకు ఇంకా వదులు. నొప్పి వస్తే సారాయి తడిపిన గుడ్డతో రుద్దుడు. మద్యనిషేధం వచ్చాక కూడా ఆ ఒక్క పనికోసం శాలలో ఒక సీసా దాచి ఉంచేవాడు.

ఒకరోజు చెంగయ్య వచ్చాడు. గడప బయటే నిలబడి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని అన్నాడు: “అయ్యా, పిల్లోణ్ని వారానికి రెండు దినాలన్నా డోలీ ఎత్తనీండి. నాకు మనిషి కావాలని గాదు. ఎత్తితే బుజం నిలబడతాది. మావి బండ బుజాలే, సేతులు పైకి లేసేది గూడా లేదు. అయినా నా ఎరుకలో ఒక్కడికీ సెయ్యి జారింది లేదు.”

“చెంగయ్యా, నువ్వు మనుషుల్ని మోసేవాడివి. నేను మనుషుల్ని ఎగిరించేవాణ్ణి,” అన్నాడు వెంకటముని. శాలలోవాళ్లు నవ్వారు. చెంగయ్య కూడా నవ్వి, తలగుడ్డ చుట్టుకుని వెళ్లిపోయాడు.

చెయ్యి మొదటిసారి జారినప్పుడు మునిరత్నానికి పద్దెనిమిదేళ్లు. రింగుల మీదనుంచి దిగి, “వస్తాదు గారూ, నా సెయ్యి యాడికో పొయ్యి వచ్చినాది!” అని నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి శాలలో ఎవరూ లేరు. “ఎవరితోనూ అనబాక, కుదురుకుంటాది,” అన్నాడు వెంకటముని. ఎందుకంటే అప్పటికి చిత్తూరు ప్రదర్శన మూడు వారాల్లోకి వచ్చింది.

నలభై రెండు జనవరి. యుద్ధ నిధి కోసం మైదానంలో పందిళ్లు, బ్యాండు, ముందు వరసలో కలెక్టరు దొర, పక్కన తిరుపతిలో శాలకు మిద్దె కట్టిస్తానన్న వర్తకుడు. మునిరత్నం రెండు పల్టీలు కొట్టాడు. జనం కేకలు. మూడో పల్టీలో చేతులు వెనకనుంచి చుట్టూ వస్తున్నప్పుడు కుడిభుజం ఊడింది. ఒక్క క్షణం ఎడమచేత్తో వేలాడాడు. తర్వాత నేల మీద ఉన్నాడు.

బ్యాండు ఆగింది. దొర లేచి నిలబడి ఏదో అడిగాడు. పక్కనున్న అధికారి దాన్ని తెలుగులో అడిగాడు: “ఏమయిందయ్యా వీడికి?”

వర్తకుడు చూస్తున్నాడు. మైదానమంతా చూస్తోంది. వెంకటముని నోటినుంచి వచ్చింది: “తాగినట్టుండాడు, దొరా.”

ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? గుక్క నీళ్లు మింగినంత. ఆ రోజుల్లో మన జిల్లాలో తాగడం అంటే చెడు అలవాటు మాత్రమే కాదు, నేరం. ఊడిన చేత్తోనే పిల్లవాణ్ణి పోలీసు ఠాణాకు నడిపించారు. మరునాడు సాయంత్రానికి గానీ చెంగయ్య వాణ్ణి పుత్తూరు చేర్చలేకపోయాడు. అక్కడ కట్టు కట్టే పెద్దాయన ఎముకను దాని చోట కూర్చోబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, “నేను ఎముకను కూసోబెట్టగలను గానీ, దాన్ని పట్టుకునేటివి సాగిపోయినాయి నాయనా. ఇన్నేండ్లు దీన్ని ఎవురు లాగినారు?” అన్నాడట. చెంగయ్య ఎవరి పేరూ చెప్పలేదట.

ఈ సంగతి వెంకటమునికి మూడో మనిషి ద్వారా తెలిసింది. ఒకసారి అలిపిరిదాకా పోయాడు, చేతిలో అరటిపళ్లతో. తిరుమలమ్మ గుడిసె ముందు చేటతో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. ఆమె చూడకముందే వెనక్కి తిరిగి, పళ్లు ఒక ఆవుకు పెట్టి ఇంటికొచ్చాడు. మిద్దె కట్టిస్తానన్న వర్తకుడు కట్టించలేదు. శిష్యులు ఒక్కొక్కరే మానేశారు. అయినా కర్రను మాత్రం పారెయ్యలేదు.

ఆ కర్రకేసి ఇప్పుడు మునిరత్నం చూశాడు. చక్రం తిప్పడం ఆపకుండానే, “అదేనా?” అన్నాడు.

వెంకటముని గుడ్డ విప్పాడు. ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు. మునిరత్నం చక్రం వదిలి, మసి చెయ్యి పంచెకు తుడుచుకుని, కర్రను మోకాళ్ల మీద పెట్టుకుని, లోపలి గంటును బొటనవేలితో తడిమాడు.

“ఉండాదే! నా తర్వాత ఎవురన్నా వచ్చినారా ఈడిదాకా?”

“లేదు.”

మునిరత్నం ముఖంలో ఒక వెలుగు వచ్చి పోయింది. గర్వం. గాలిగోపురం దగ్గర తోటివాళ్లను నవ్వించిన కుర్రాడి గర్వం. వెంకటముని ఆ ముఖం చూడలేక డ్రమ్ములోని నిప్పుకేసి చూశాడు.

“రత్నం, ఆ పొద్దు చిత్తూర్లో నేను...”

“రేయ్ మునిరత్నం!” బస్సు ముందునుంచి కండక్టరు శ్రీనివాసులు అరుపు. శ్రీనివాసులు బస్సు ఓనరుకు బామ్మర్ది. టిక్కెట్ల సంచిని మెళ్లో నగలాగా వేసుకుని తిరుగుతాడు. “ముసిలామె నూనె డబ్బా దించమంటుండాది. బరువు తగ్గించాల గదరా! నీ సుట్టాలతో ముచ్చట్లు పుత్తూర్లో పెట్టుకో.”

మునిరత్నం కర్ర తిరిగిచ్చి, నిచ్చెన ఎక్కాడు. ఒంటిచేత్తో ఎక్కే తీరు చూస్తే కోతులు కూడా మెచ్చుకుంటాయి. పైన మూటలు ఒక్కొక్కటీ ఎడమచేత్తో అంచుదాకా జరిపి, కింద నిలబడ్డవాళ్లకు అందించాడు. నూనె డబ్బా దగ్గరకు వచ్చేసరికి ఒక చెయ్యి చాలలేదు. కుడిచేతిని మొలతాడులోంచి తీసి డబ్బా అడుగున వేసి, అంచు బయటకు చాపాడు.

కింద నిలబడ్డ వెంకటమునికి చప్పుడు వినపడింది. వేరెవరికీ వినపడి ఉండదు. భుజం ఊడిన చప్పుడు, సీసా బిరడా తీసినంత చిన్నగా.

డబ్బా జారి రోడ్డు మీద పడి పగిలింది. పడ్డచోట నూనె మెల్లగా పరుచుకుని దుమ్మును నల్లగా చేసుకుంటూ పోయింది. నాగులమ్మ అరుపు మిట్ట అవతలికి వినపడి ఉంటుంది.

“అయ్యో నా నూనె! నా బిడ్డ పురిటి నూనె! ఓరి నీ సెయ్యి ఇరగ!”

మునిరత్నం దిగి, బస్సు వెనక్కి పోయాడు. వెంకటముని వెంట వెళ్లాడు. డ్రమ్ము చాటున మునిరత్నం నేల మీద చతికిలబడి, కుడి మోకాలు పైకి ముడిచి, రెండు చేతుల వేళ్లూ ఆ మోకాలి చుట్టూ పెనవేసి, తల వెనక్కి వాల్చి, నెమ్మదిగా వెనక్కి ఒరిగాడు. ముఖం తెల్లబడింది, పెదవి మీద చెమట పోసింది. భుజం మళ్లీ లోపలికి పోయింది. ముఖం కడుక్కున్నంత మామూలుగా ఇదంతా చేశాడు. ఎన్ని వందలసార్లు చేస్తే ఒక మనిషికి అది అంత మామూలవుతుంది?

తర్వాత డ్రమ్ము వెనక మేకుకు వేలాడే సంచిలోంచి సీసా తీశాడు. కల్లు, సారా అంగళ్లు మళ్లీ తెరిచిన కాలం. సారాయి వాసన గుప్పుమంది. తువ్వాలు మీద కొంచెం ఒంపుకుని, ఆ తువ్వాలును భుజాన వేసుకున్నాడు. ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు.

వెంకటముని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకా ఆ పాత వైద్యమే చేసుకుంటున్నాడు, తను నేర్పిన మందే రుద్దుకుంటున్నాడు అనుకున్నాడు. వస్తాదుకు సారాయి వాసన వస్తే తట్టేది ఒక్కటే, నొప్పి.

శ్రీనివాసులు వచ్చేశాడు, వెనక నలుగురు ప్రయాణికులు, వాళ్ల వెనక నాగులమ్మ.

“అనుకున్నా! మల్లా ఏసినాడు! సూడండప్పా, వాసన సూడండి! పట్టపగలు! చిత్తూర్లో కలెక్టరు దొర ముందర తాగి పడినోడు వీడు, ఊరూరికీ తెలుసు. మా బావ మెత్తనోడు గాబట్టి పెట్టుకున్యాడు. ఏమిరా, ఎంత తాగినావు?”

“రవంతే సామీ,” అన్నాడు మునిరత్నం తల వంచుకుని. “పొద్దున్నే సలిగా ఉంటేను.”

“వైశాఖంలో సలి!” అన్నాడు డ్రైవరు మునస్వామి వెనకనుంచి. జనం గొల్లున నవ్వారు. మునిరత్నం కూడా నవ్వాడు, అలవాటైనవాడిలా.

నాలుగేళ్ల కింద మైదానంలో వెంకటముని అన్న మాట, ఎవరో నేర్పినట్టు, ఇక్కడ నడిరోడ్డు మీద నిలబడి మాట్లాడుతోంది. తన ముందే, ఈ బిడ్డే, దాన్ని ఒప్పుకుంటున్నాడు. ఊరుకుంటే బస్సు కదులుతుంది. సాయంత్రానికి నగరి చేరవచ్చు. కుర్రవాళ్లు దండ వేస్తారు. ఆయన నిజంగానే కాసేపు ఊరుకున్నాడు. ఎంతసేపంటే, శ్రీనివాసులు ఇంకో రెండు తిట్లు తిట్టి, “పుత్తూర్లో మా బావతో చెప్పి తోలు తీయిస్తా, పో, చక్రం తిప్పు!” అని వెనక్కి తిరిగినంతసేపు.

“ఆగబ్బా,” అన్నాడు వెంకటముని.

శ్రీనివాసులు ఆగాడు.

“వాడు తాగలేదు. ఈ పొద్దూ తాగలేదు, ఆ పొద్దూ తాగలేదు. చిత్తూర్లో ఆ మాట చెప్పింది నేను. అబద్ధం చెప్పినాను. నేను వాడి వస్తాదును. వాడి భుజం నేనే పాడుచేసినాను, సాగదీసి సాగదీసి. పట్టుకోడానికి దానిలో ఏమీ మిగల్లేదు. అది జారిపోతాది. ఇప్పుడు గూడా జారింది, నూనె డబ్బా అందుకే పడింది. ఆ సారాయి నొప్పికి రుద్దుకునేది. మీరు ఆ బిడ్డను తాగుబోతు అనబాకండి. అనాలంటే నన్నేమన్నా అనండి.”

డ్రమ్ములో బొగ్గు చిటపటలాడింది.

వెంకటమునికి గుండె తేలికైంది. నాలుగేళ్లలో మొదటిసారి ఊపిరి అడుగుదాకా పోయినట్టయింది. ఆ తేలికతోనే మునిరత్నం ముఖం చూశాడు.

మునిరత్నం ముఖంలో కృతజ్ఞత లేదు, కోపమూ లేదు. గుట్టుగా దాచుకున్నది ఎవరో సంతలో విప్పి పోసినప్పటి ముఖం అది.

“జారిపోతాదా?” అన్నాడు శ్రీనివాసులు. గొంతులో తిట్లు పోయాయి. అది ఇంకా అధ్వాన్నంగా ఉంది. “ఏమిరా? నిజమేనా?”

మునిరత్నం కుడిచేతి బొటనవేలు మళ్లీ మొలతాడులో దోపుకున్నాడు.

“నెలకెన్ని తూర్లు?”

మునిరత్నం భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

“అడుగుతుండా గదా!”

“నాలుగైదు తూర్లు.”

శ్రీనివాసులు టోపీ తీసి తల గోక్కున్నాడు. “ఒరే, తాగినోడయితే నాలుగు తిడితే సాయంత్రానికి దిగతాది. పెట్టుకోవచ్చు. జారే సెయ్యి ఉన్నోణ్ని బస్సు మీదికి ఎట్ల ఎక్కించేది? ఈ పొద్దు నూనె డబ్బా. రేపు ఇనప్పెట్టె ఎవుడి నెత్తిన పడతాదో. మా బావ జైలుకు పోవాలనా?” అని, వెంకటముని వైపు తిరిగి, మర్యాదగానే, “మంచిపని చేసినారు పెద్దాయనా, చెప్పి,” అన్నాడు.

నాగులమ్మ ముక్కు చీదింది. “పాపం బిడ్డ. తెలీక సెయ్యి ఇరగ అంటిని.” రోడ్డు మీది మరకకేసి చూసి, “మరి నా నూనె సంగతేమి?” అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“నువ్వింక ఎక్కబాకరా,” అన్నాడు శ్రీనివాసులు మునిరత్నంతో. “పుత్తూర్లో మా బావతో నేనే చెప్తాలే.” సంచి సర్దుకుని ముందుకు పోయాడు. జనం ఒక్కొక్కరే, గట్టిగా నడిస్తే తప్పేమో అన్నట్టు, చెదిరిపోయారు.

ఇద్దరే మిగిలారు, డ్రమ్ము ముందు.

“మిమ్మల్నెవురు చెప్పమన్నారు?” అన్నాడు మునిరత్నం. గొంతు పెంచలేదు.

“రత్నం, నేను నీ పేరు...”

“పేరేమి చేసుకుంటా వస్తాదు గారూ? కొండ మీదికి బస్సు పడినాక మా నాయనకు డోలీ బేరాలు లేవు. యాడికి పోయినా సెయ్యి సూస్తారు. అందుకే తాగుతానని నేనే చెప్పుకున్యా. దినామూ తువ్వాలు తడుపుకుంటి. తాగుబోతును ఎక్కించుకుంటారు, తిట్టి. సెయ్యి లేనోణ్ని ఎవురెక్కించుకుంటారు?”

అప్పుడు అర్థమైంది వెంకటమునికి, ఆ సారాయి భుజానికి కాదని. మైదానంలో తను ఆ బిడ్డ మీద వేసిన మచ్చను వాడు రెండేళ్లుగా గొడుగు చేసుకుని బతుకుతున్నాడు. తను ఇప్పుడు, తన గుండె బరువు దించుకోవడానికి, ఆ గొడుగు కూడా లాక్కున్నాడు. చెంగయ్య ఆనాడు గడప బయట తలగుడ్డ తీసి నిలబడ్డట్టు ఇక్కడ తను నిలబడాలి; కానీ తీయడానికి నెత్తిన ఏమీ లేదు. చేతుల్లో ఆ కర్ర ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బస్సుకు ఆనించాడు, అది జారి కింద పడింది. ఇద్దరూ దాన్ని తియ్యలేదు.

“ఏమబ్బా, నిప్పు సావగొట్టినారా?” అని ముందునుంచి మునస్వామి కేక. “ఎవురో ఒకరు తిప్పండి!”

మునిరత్నం వంగి, చక్రం పిడి పట్టుకుని, రెండు చుట్లు తిప్పి నిప్పు చూశాడు. అలవాటు. తర్వాత ఆ పిడిని వెంకటముని చేతికి అందించాడు.

“ఎడంపక్కకు తిప్పాల. ఆపినారంటే సల్లారిపోతాది.”

వెంకటముని తిప్పడం మొదలుపెట్టాడు. మొదటి పది చుట్లకే ఆయన బిగుసుకున్న భుజం కలుక్కుమంది. ఇరవై చుట్లకు బొగ్గు ఎర్రబడింది. తల ఎత్తకుండా తిప్పుతూనే, “నేను కూడా పుత్తూర్లో దిగుతాను. మీ ఓనరు కాళ్లు పట్టుకుంటాను. టిక్కెట్లు చించే పనన్నా, ఏదన్నా, ఒంటిచేత్తో చేసేది...” అంటూ పోయాడు. “నగరి లేకుంటే లేకపోయె. నువ్వు సరేనంటే చాలు, రత్నం. సరేనా?”

ఇంజను అందుకుంది. బస్సు ఒళ్లంతా వణికింది. ప్రయాణికులు హోయ్ అని కేకలేస్తూ తోయడానికి చేతులు వేశారు.

వెంకటముని తల ఎత్తాడు.

మేకు మీద సంచి లేదు. సీసా మాత్రం డ్రమ్ము పక్కన నేల మీద, మూత బిగించి, నిలబెట్టి ఉంది. రోడ్డు పక్క కాలవ అవతల, దున్నిన చేనుకు అడ్డంగా, మునిరత్నం రైలు పట్టాల వైపు నడిచిపోతున్నాడు. కుడి మోచేతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నిద్రపోయే పసిబిడ్డను ఎత్తుకున్నవాడిలా, అదరకుండా అడుగులేస్తున్నాడు.

“రత్నం!” అని పిలిచాడు వెంకటముని. ఇంజను చప్పుడులో ఆ పిలుపు ఆయనకే సరిగా వినపడలేదు.

మునిరత్నం పట్టాలు దాటాడు. వెనక్కి తిరిగి చూడలేదు.